ఖడ్గచ్ఛాయలో ప్రజాసభ : ఆలివర్ క్రాంవెల్ జీవితం

ప్రజలు తిరగబడి నిరంకుశ ప్రభువును గద్దె దించడం చరిత్రలో అరుదైన విషయం కాదు. దించిన మరునాడు అధికారం ఎవరి చేతిలో ఉండాలన్న ప్రశ్నే కఠినమైనది. ప్రజలు ఎన్నుకున్న సభ చేతిలోనా? విజయం సాధించిపెట్టిన సైన్యం చేతిలోనా? దైవాజ్ఞ ఏదో తమకే తెలుసుననే మతపెద్దల చేతిలోనా? ఈ మూడు శక్తుల పెనుగులాటను ఒక్క జీవితకాలంలో అనుభవించిన వ్యక్తి పదిహేడవ శతాబ్దపు ఆంగ్లేయుడు ఆలివర్ క్రాంవెల్. పార్లమెంటు హక్కులకోసం రాజుపై కత్తి దూసినవాడు అతడే. ఆ పార్లమెంటునే సైనికులచేత వెళ్ళగొట్టించినవాడూ అతడే. మన విద్యార్థులు చరిత్ర పాఠంలో అతని పేరును ఒకటి రెండు పేరాలలో చదివి ముందుకు సాగిపోతారు. ఆ జీవితాన్ని కొంత నిదానంగా పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

జననం – విద్యాభ్యాసం

క్రాంవెల్ 1599వ సంవత్సరం ఏప్రిల్ 25వ తేదీన తూర్పు ఇంగ్లండులోని హంటింగ్డన్ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. తండ్రి రాబర్ట్, తల్లి ఎలిజబెత్. ఎనిమిదవ హెన్రీకి మంత్రిగా ఉండి క్రైస్తవ మఠాల ఆస్తులను రాజ్యపరం చేసిన థామస్ క్రాంవెల్ సోదరి సంతతివారు వీరు. వంశానికి పేరు ఉన్నా రాబర్ట్ జ్యేష్ఠ కుమారుడు కానందువల్ల అతనికి దక్కిన ఆస్తి పరిమితమే. బాలుడు ఊరి పాఠశాలలో థామస్ బియర్డ్ అనే గురువు వద్ద చదివాడు. దైవం పాపులను ఈ లోకంలోనే శిక్షిస్తుందని చూపడానికి ఒక గ్రంథమే వెలువరించిన వ్యక్తి ఆ గురువు. లోకంలో జరిగే ప్రతి సంఘటనలోనూ దైవసంకల్పాన్ని వెదకే అలవాటు శిష్యునికి జీవితాంతం మిగిలింది.

1616లో కేంబ్రిడ్జిలోని సిడ్నీ ససెక్స్ కళాశాలలో చేరాడు. మరుసటి ఏడే తండ్రి మరణించడంతో పట్టా పొందకుండానే ఇంటికి తిరిగివచ్చి తల్లి, తోబుట్టువుల భారం వహించవలసివచ్చింది. 1620లో లండను వర్తకుని కుమార్తె ఎలిజబెత్ బౌర్షియర్‌ను వివాహమాడాడు. ఆ దంపతులకు తొమ్మిదిమంది సంతానం కలిగారు.

1628లో హంటింగ్డన్ ప్రతినిధిగా పార్లమెంటులో ప్రవేశించాడు గాని ఆ సభ ఎంతోకాలం నిలువలేదు. స్వగ్రామంలో కూడా కలతలు ఏర్పడి 1631లో ఆస్తి అమ్ముకొని, సమీపంలోని సెయింట్ ఐవ్స్‌లో భూమిని కౌలుకు తీసుకొని సేద్యం చేశాడు. ఆ సంవత్సరాలలోనే తీవ్రమైన మనోవ్యథకు లోనై, దాని చివర తాను దైవానుగ్రహం పొందినవాడనన్న దృఢవిశ్వాసానికి వచ్చాడు. 1636లో మేనమామ ఆస్తి సంక్రమించి ఈలీ పట్టణానికి మారాడు. నలభై ఏళ్ళు వచ్చేవరకు అతడు దేశానికి తెలియని ఒక సామాన్య గృహస్థుడే.

రాజు – పార్లమెంటు – మతం

ఆనాటి రాజు మొదటి చార్లెస్. రాజు దైవానికి తప్ప మానవులెవరికీ జవాబుదారీ కాడని అతని నమ్మకం. 1629లో పార్లమెంటును రద్దుచేసి పదకొండు సంవత్సరాలు సభ లేకుండానే పాలించాడు. సముద్రతీర ప్రాంతాలవారు యుద్ధకాలంలో ఓడలకోసం చెల్లించే సుంకాన్ని శాంతికాలంలో, సముద్రం కంటికి కనబడని లోతట్టు జిల్లాలపై కూడా విధించాడు. ప్రధాన మతాధికారి లాడ్ ప్రార్థనాలయాలలో కొత్త ఆచారాలు ప్రవేశపెట్టాడు. బైబిలు తప్ప వేరు ప్రమాణం లేదని, ఆడంబరమైన పూజావిధులు కూడదని నమ్మే ప్యూరిటన్లకు ఇది కాథలిక్ మతాన్ని దొడ్డిదారిన తిరిగి తేవడమే అనిపించింది. ఇంగ్లండు ప్రార్థనాగ్రంథాన్ని పోలిన గ్రంథాన్ని 1637లో స్కాట్లండుపై రుద్దబోగా అక్కడివారు ఆయుధాలు చేపట్టారు. యుద్ధానికి ధనం కావలసివచ్చి రాజు 1640లో పార్లమెంటును పిలువక తప్పలేదు.

ఆ ఏడాది నవంబరులో సమావేశమైన సభనే దీర్ఘ పార్లమెంటు అంటారు. కేంబ్రిడ్జి ప్రతినిధిగా క్రాంవెల్ అందులో సభ్యుడు. గొప్ప వక్త కాడు. దుస్తులలో నాజూకు లేదు. కాని పట్టుదల కలవాడు. 1641లో రాజు పాలనలోని అన్యాయాలను ఏకరువుపెట్టిన విజ్ఞాపన కేవలం పదకొండు ఓట్ల ఆధిక్యంతో సభలో నెగ్గింది. 1642 జనవరి 4న చార్లెస్ సాయుధులతో కామన్స్ సభలోకి వచ్చి ఐదుగురు సభ్యులను నిర్బంధించబోయాడు. వారు అప్పటికే తప్పించుకొన్నారు. సభామందిరంలో ఖడ్గం అడుగుపెట్టిందని దేశం నిర్ఘాంతపోయింది. పదకొండేళ్ళ తరువాత జరిగినదానిని అర్థం చేసుకోవాలంటే ఈ సంఘటనను గుర్తుంచుకోవాలి. ఆగస్టులో నాటింగ్‌హామ్‌లో రాజు యుద్ధధ్వజం ఎత్తడంతో అంతర్యుద్ధం మొదలైంది.

సేనానిగా

అప్పటికి క్రాంవెల్ వయస్సు నలభై మూడు. యుద్ధవిద్యలో ఏ శిక్షణా లేదు. స్వస్థలంలో ఒక అశ్వికదళాన్ని కూర్చుకొని పార్లమెంటు పక్షాన చేరాడు. తమ పక్షపు గుర్రపు రౌతులు జీతంకోసం వచ్చినవారని, రాజపక్షీయులు మానంకోసం పోరాడేవారని మొదటి సంవత్సరంలోనే గ్రహించాడు. జీతంకన్న గొప్పదేదో ఉంటే తప్ప అటువంటివారిని ఎదిరించడం అసాధ్యమని తలచి, విశ్వాసంకోసం ప్రాణమిచ్చేవారిని వెదకి చేర్చుకొన్నాడు. కులీనుడా, సామాన్యుడా అని చూడలేదు. ప్రొటెస్టెంటులలో ఏ శాఖవాడని అడగలేదు. క్రమశిక్షణ మాత్రం కఠినం. గెలిచిన దళం చెల్లాచెదురై దోపిడికి దిగడం ఆనాటి రివాజు. క్రాంవెల్ రౌతులు ఒక దాడి ముగియగానే తిరిగి బారులుతీరి రెండవ దాడికి సిద్ధమయ్యేవారు. 1644 జూలై 2న మార్‌స్టన్ మూర్ యుద్ధంలో విజయానికి ఈ గుణమే కారణం. ఉక్కుదేహులని వారికి పేరు వచ్చింది.

1645లో పార్లమెంటు సుమారు 22,000 మందితో నవీన సైన్యాన్ని ఏర్పరచింది. సర్వసేనాని థామస్ ఫెయిర్‌ఫాక్స్. అశ్వికదళ నాయకుడు క్రాంవెల్. జూన్ 14న నేస్‌బీ వద్ద రాజు సైన్యం ఛిన్నాభిన్నమైంది. 1646 నాటికి మొదటి యుద్ధం ముగిసింది.

ఇక్కడే అసలు చిక్కు మొదలైంది. స్కాట్లండు సహాయంకోసం పార్లమెంటు 1643లో ఒక మతపరమైన ఒడంబడిక చేసుకొన్నది. దేశమంతటికీ ఒకే విధమైన ప్రెస్బిటేరియన్ చర్చి ఉండాలని సభలో అధికసంఖ్యాకుల కోరిక. బిషప్పులు పోయినా వారి నిర్బంధం పోలేదన్నమాట. సైన్యంలోనివారు మాత్రం భిన్నశాఖలకు చెందినవారు. ఎవరి ప్రార్థన వారు చేసుకొనే స్వేచ్ఛకోసమే తాము రక్తం చిందించామని భావించేవారు. ప్రజలు ఎన్నుకొన్న సభ ఒకవైపు, మనస్సాక్షి స్వేచ్ఛను కోరే సైన్యం మరొకవైపు నిలిచాయి. క్రాంవెల్ సభలో సభ్యుడు, సైన్యంలో నాయకుడు.

పట్నీ చర్చలు

1647లో పార్లమెంటు సైన్యాన్ని రద్దుచేయాలని తలపెట్టింది. అప్పటికి పదాతులకు 18 వారాల జీతం, రౌతులకు 43 వారాల జీతం బాకీ. బాకీ తీర్చకుండానే ఇండ్లకు పొమ్మనడంతో సైనికులు ప్రతి దళంనుంచీ ప్రతినిధులను ఎన్నుకొన్నారు. తాము కేవలం కూలికి వచ్చిన సేన కామని, దేశ స్వాతంత్ర్యాలను కాపాడే బాధ్యత తమపై ఉన్నదని ప్రకటించారు. జీతపు బాకీతో మొదలైన వివాదం రాజ్యాంగ చర్చగా మారింది.

అక్టోబరు 28న థేమ్స్ నదీతీరంలోని పట్నీ గ్రామంలో, సెయింట్ మేరీ ప్రార్థనాలయంలో అధికారులు, సామాన్య సైనికుల ప్రతినిధులు ఒకే బల్లచుట్టూ కూర్చొని దేశపాలన ఎలా ఉండాలని వాదించారు. ఫెయిర్‌ఫాక్స్ అస్వస్థుడైనందున క్రాంవెల్ అధ్యక్షత వహించాడు. అప్పట్లో జిల్లాలలో ఏటా నలభై షిల్లింగుల విలువగల సొంతభూమి ఉన్నవారికే ఓటు ఉండేది. లెవెలర్లనే సమతావాదుల పక్షాన కర్నల్ రెయిన్స్‌బరో వాదించాడు. నిరుపేదకు కూడా ధనవంతునివలెనే ఒక జీవితం ఉన్నదని, తన సమ్మతి తెలుపని ప్రభుత్వానికి ఎవడూ కట్టుబడనక్కరలేదని అతని వాదం. క్రాంవెల్ అల్లుడు ఐర్టన్ దానిని ఖండించాడు. దేశంలో స్థిరమైన ఆస్తి లేనివారికి ఓటు ఇస్తే రేపు వారు ఆస్తినే రద్దుచేస్తారని అతని భయం. క్రాంవెల్ మనస్సు అల్లుని వైపే ఉన్నది. సైన్యంలో చీలిక రాకూడదన్నది అతని మొదటి చింత.

చర్చ తెగలేదు. నవంబరు 15న వేర్ పట్టణం సమీపంలోని మైదానంలో సమతావాదుల పత్రాలను టోపీలలో పెట్టుకొని వచ్చిన దళాలను క్రాంవెల్, ఫెయిర్‌ఫాక్స్ అణచివేశారు. రిచర్డ్ ఆర్నాల్డ్ అనే సైనికుని అక్కడే కాల్చిచంపారు. సామాన్యుని ఓటు హక్కు గురించి సైనికులు చర్చించగలిగిన ఆ పక్షం రోజులు ఆ విప్లవంలోని అత్యంత ఉజ్జ్వల ఘట్టం. దానిని ముగించినవాడు ఆ విప్లవ నాయకుడే.

రాజు శిరచ్ఛేదం

చార్లెస్ అదే సమయంలో బందిఖానానుంచి తప్పించుకొని, స్కాట్లండువారితో రహస్యంగా ఒప్పందం కుదుర్చుకొన్నాడు. 1648లో రెండవ అంతర్యుద్ధం చెలరేగింది. ఆగస్టులో ప్రెస్టన్ వద్ద క్రాంవెల్ స్కాట్లండు సైన్యాన్ని ఓడించాడు. దైవం ఒకసారి యుద్ధంలో ఇచ్చిన తీర్పును ధిక్కరించి మళ్ళీ రక్తపాతం తెచ్చినవాడు రాజు అని సైన్యం తీర్మానించింది. పార్లమెంటు మాత్రం రాజుతో ఇంకా సంధి మాటలు సాగిస్తూనే ఉన్నది.

డిసెంబరు 6వ తేదీ ఉదయం కర్నల్ ప్రైడ్ సభాద్వారం వద్ద సైనికులతో నిలిచాడు. చేతిలోని పట్టికను చూస్తూ నలభైమందికి పైగా సభ్యులను నిర్బంధించి, మరెందరినో వెనుకకు పంపివేశాడు. క్రాంవెల్ ఆ రాత్రికిగాని లండను చేరలేదు. చేరిన తరువాత ఆ చర్యను ఆమోదించాడు. మిగిలిన కొద్దిమంది సభ్యులతో ఏర్పడిన శేష పార్లమెంటు రాజును విచారించడానికి న్యాయస్థానాన్ని నియమించింది. 1649 జనవరి 30న మొదటి చార్లెస్ శిరచ్ఛేదం జరిగింది. మరణాజ్ఞపై సంతకాలు చేసినవారు 59 మంది. మూడవ సంతకం క్రాంవెల్‌ది.

రాచరికం, ప్రభువుల సభ రద్దయ్యాయి. మే 19న ఇంగ్లండు గణరాజ్యంగా ప్రకటితమైంది. ప్రజలే సమస్త న్యాయాధికారానికి మూలమని ఆ సభ జనవరిలోనే తీర్మానించింది. కాని ఆ ప్రజలలో ఎక్కువమంది ఎన్నుకొన్న ప్రతినిధులు సభ బయట ఉన్నారు. గణరాజ్య ప్రకటనకు రెండు రోజుల ముందు బర్‌ఫర్డ్ గ్రామంలో తిరుగుబాటుచేసిన సమతావాద సైనికులలో ముగ్గురిని ప్రార్థనాలయ ప్రాంగణంలో కాల్చిచంపారు.

ఐర్లండు దండయాత్ర

క్రాంవెల్ చరిత్రలో చెరగని మచ్చ ఐర్లండు. అక్కడ 1641లో కాథలిక్కులు తిరగబడి ప్రొటెస్టెంట్ వలసదారులను చంపారు. ఆ మరణాల సంఖ్యను ఎన్నో రెట్లు పెంచిన కథలు ఇంగ్లండంతటా వ్యాపించాయి. 1649 ఆగస్టులో క్రాంవెల్ సైన్యంతో ఐర్లండులో దిగాడు. సెప్టెంబరులో ద్రోహెడా పట్టణాన్ని ముట్టడించి పట్టుకొన్నాక, ఆయుధం పట్టినవారెవరినీ విడువవద్దని ఆజ్ఞాపించాడు. సుమారు మూడువేలమంది హతులయ్యారు. మతగురువులను కనబడినచోటనే చంపారు. తలదాచుకొన్నవారితో సహా ఒక ప్రార్థనాలయ గోపురాన్ని తగులబెట్టారు. అక్టోబరులో వెక్స్‌ఫర్డ్‌లోనూ సంహారం జరిగింది. ద్రోహెడాను రక్షిస్తున్న సేనలో ఆంగ్లేయులు కూడా ఉన్నారు. 1641 నాటి హత్యలతో వారిలో అనేకులకు సంబంధం లేదు. అయినప్పటికీ అది దైవం విధించిన న్యాయమైన శిక్ష అని అతడు పార్లమెంటుకు నివేదించాడు.

1652 నాటి చట్టంతో కాథలిక్కుల భూములు విస్తారంగా జప్తయి, జీతం బాకీపడిన సైనికులకు, యుద్ధానికి అప్పిచ్చిన లండను వర్తకులకు పంచబడ్డాయి. స్వదేశంలో మనస్సాక్షి స్వేచ్ఛకోసం పోరాడిన వ్యక్తి ఐర్లండులో కాథలిక్కుల పూజను అనుమతించలేదు. ఎవరికి వర్తించదో ముందే నిర్ణయించుకొన్న స్వేచ్ఛ ఎంత క్రూరంగా మారగలదో ఐర్లండు చరిత్ర చెబుతుంది. ఆ దేశంలో ఈనాటికీ క్రాంవెల్ పేరు శాపంతో సమానం.

పార్లమెంటు బహిష్కరణ

స్కాట్లండువారు చార్లెస్ కుమారుని రాజుగా అంగీకరించగా క్రాంవెల్ అటు నడిచాడు. 1650 సెప్టెంబరు 3న డన్‌బార్ వద్ద, సరిగ్గా సంవత్సరానికి అదే తేదీన వూస్టర్ వద్ద విజయాలు సాధించాడు. రాకుమారుడు విదేశాలకు పారిపోయాడు. ఇక ఎదిరించే సేన లేదు. తొమ్మిదేళ్ళ యుద్ధం ముగిసింది.

శేష పార్లమెంటు మాత్రం కొత్త ఎన్నికలు జరపకుండా కాలం గడుపుతున్నది. న్యాయవ్యవస్థను సంస్కరిస్తామన్న వాగ్దానం, మతశాఖల రక్షణ, సైనికుల జీతాలు అన్నీ వాయిదాలలో ఉన్నాయి. 1653 ఏప్రిల్ 20న సభ ఎన్నికల బిల్లును తొందరగా ఆమోదించబోతున్నదని విని క్రాంవెల్ సాధారణ దుస్తులతో సభకు వెళ్ళి కొంతసేపు మౌనంగా విన్నాడు. తరువాత లేచి సభ్యులను కఠినంగా నిందించాడు. బయటనుంచి తుపాకీదారులను లోనికి పిలిపించాడు. స్పీకరును ఆసనంనుంచి దించారు. సభాధికారానికి చిహ్నమైన దండాన్ని తీసుకుపోయారు. మందిరానికి తాళం వేశారు. క్రాంవెల్ ఆ బిల్లును తనతో తీసుకుపోయాడు. మరి అది ఎవరికీ కనబడలేదు. అందువల్ల అందులో ఏమున్నదన్న విషయంపై చరిత్రకారులలో ఈనాటికీ భిన్నాభిప్రాయాలున్నాయి. చార్లెస్ సాయుధులతో వచ్చి ఐదుగురిని పట్టుకోలేకపోయాడు. క్రాంవెల్ సభనంతటినీ ఖాళీచేయించాడు.

దాని స్థానంలో ఒక వింత సభ ఏర్పడింది. ఎన్నిక లేకుండా, దైవభక్తులని పేరుపడిన సుమారు 140 మందిని సైన్యాధికారుల మండలి నామినేట్ చేసింది. భక్తులు పాలిస్తే ధర్మం నిలుస్తుందని క్రాంవెల్ ఆశించాడు. ఆ సభ వివాహాలను నమోదుచేసే చట్టం వంటి కొన్ని మంచిపనులు చేసింది. కాని చర్చికి చెల్లించే దశమభాగాల పన్ను ఉండాలా, పోవాలా అన్న విషయంపై భక్తులే రెండుగా చీలిపోయారు. డిసెంబరు 12న మితవాదులు ఉదయమే సమావేశమై అధికారాన్ని క్రాంవెల్‌కు తిరిగి అప్పగించారు. మిగిలినవారిని సైనికులు పంపించివేశారు.

రాజ్యసంరక్షకుడు

నాలుగు రోజులలో, 1653 డిసెంబరు 16న, క్రాంవెల్ లార్డ్ ప్రొటెక్టర్, అనగా రాజ్యసంరక్షకుడు అయ్యాడు. సేనాని లాంబర్ట్ రచించిన లిఖిత రాజ్యాంగం అమలులోకి వచ్చింది. మూడేళ్ళకొకసారి పార్లమెంటు, ఇంగ్లండు, స్కాట్లండు, ఐర్లండులకు కలిపి 460 మంది సభ్యులు, 200 పౌండ్ల ఆస్తి ఉన్నవారికి జిల్లాలలో ఓటు, 30,000 మందితో స్థిరసైన్యం, కాథలిక్కులు, బిషప్పుల పక్షంవారు మినహా శాంతియుతంగా జీవించే క్రైస్తవులందరికీ ఆరాధనా స్వేచ్ఛ — ఇవి అందులోని ముఖ్యాంశాలు. కాగితంమీద అది ఆ కాలానికి ఎంతో ముందున్న శాసనమే.

అతని పాలనలో మెచ్చదగిన పనులు లేకపోలేదు. 1290లో బహిష్కృతులైన యూదులు తిరిగి ఇంగ్లండులో నివసించే విషయమై మెనాసే బెన్ ఇజ్రాయెల్ అనే యూదు పండితుడు 1655లో విజ్ఞప్తి చేశాడు. మండలి తేల్చకపోయినా క్రాంవెల్ వారిని మౌనంగా ఉండనిచ్చాడు. నౌకాబలం పెరిగింది, హాలండుతో యుద్ధం 1654లో ముగిసింది, 1655లో జమైకా ఆంగ్లేయుల వశమైంది. మహాకవి మిల్టన్ ఆ ప్రభుత్వానికి లాటిన్ భాషా కార్యదర్శిగా పనిచేశాడు.

ఆ పాలనకు మన తీరంతో కూడా ఒక సంబంధం ఉన్నది. మచిలీపట్నంలో 1611 నుంచి వర్తకం సాగిస్తున్న ఈస్టిండియా కంపెనీ, దామెర్ల వేంకటాద్రి నాయకుని వద్ద 1639లో అనుమతి పొంది చెన్నపట్నంలో సెయింట్ జార్జి కోటకు పునాది వేసుకొన్నది. స్వదేశంలోని అంతర్యుద్ధంవల్ల ఆ కంపెనీ క్షీణించి మూతపడే స్థితికి వచ్చింది. 1657లో క్రాంవెల్ ఇచ్చిన అధికారపత్రంతో దానికి శాశ్వతమైన ఉమ్మడి మూలధనం ఏర్పడింది. తరువాతి కాలంలో తెలుగుదేశపు భవితవ్యాన్ని మార్చిన ఆ కంపెనీ నిలదొక్కుకొనడంలో రాజును తొలగించిన ఈ గణరాజ్య నాయకుని చేయి ఉండడం చరిత్రలోని వైచిత్రి.

సైనిక మండలాలు – మతవిచారణ

1654 సెప్టెంబరులో కూడిన మొదటి పార్లమెంటు తనను పుట్టించిన రాజ్యాంగాన్నే ప్రశ్నించింది. సైన్యం ఎవరి అదుపులో ఉండాలి, మతస్వేచ్ఛ ఎంతవరకు ఉండాలి అన్నవే వివాదాంశాలు. కొత్త వ్యవస్థకు కట్టుబడతామని సంతకం చేయని సుమారు వందమందిని సభకు దూరం చేసినా ప్రయోజనం లేకపోయింది. 1655 జనవరిలో క్రాంవెల్ ఆ సభను రద్దుచేశాడు.

మార్చిలో రాజపక్షీయుల చిన్న తిరుగుబాటు ఒకటి తలెత్తింది. దానిని సాకుగా చేసుకొని దేశాన్ని మండలాలుగా విభజించి ఒక్కొక్కదానిపై ఒక మేజర్ జనరల్‌ను నియమించాడు. వారి ఖర్చుకు రాజపక్షీయుల ఆదాయంపై పదవవంతు పన్ను వేశాడు. దానికి పార్లమెంటు అనుమతి లేదు. చార్లెస్ ఓడసుంకంపై మండిపడిన తరం ఈ పన్నును చూసి ఏమనుకొన్నదో ఊహించవచ్చు. శాంతిభద్రతలతోపాటు ప్రజల నడవడికను సరిదిద్దడం కూడా ఆ అధికారుల విధి. కోడిపందేలు, గుర్రపు పందేలు, ఎలుగుబంటి వేట వినోదాలు నిషిద్ధమయ్యాయి. సారాయి దుకాణాలు మూతపడ్డాయి. తుపాకీ పట్టుకొని నీతి బోధించిన ఆ పదిహేను పదహారు నెలలు స్థిరసైన్యం పేరు చెబితేనే ఆంగ్లేయులు అసహ్యించుకొనేటట్లు చేశాయి.

1656లో రెండవ పార్లమెంటు కూడింది. ఈసారీ సుమారు వందమందిని ముందుగానే ఆపివేశారు. అయినా ఆ సభ ఏమి చేసిందో చూడదగినది. జేమ్స్ నేలర్ అనే క్వేకరు, క్రీస్తు యెరూషలేము ప్రవేశాన్ని తలపించేటట్లు గుర్రమెక్కి బ్రిస్టలు నగరంలో ప్రవేశించాడు. పార్లమెంటు తానే న్యాయస్థానమై అతనిని దైవదూషకునిగా తీర్మానించింది. అతనిని కొరడాలతో కొట్టించి, నుదుట వాతవేయించి, నాలుకను కాల్చిన ఇనుపకడ్డీతో తొలిపించింది. ఏ అధికారంతో ఈ పని చేశారని క్రాంవెల్ లేఖద్వారా అడిగాడు. సభ సమాధానం చెప్పలేదు. శిక్ష ఆగలేదు.

అతని జీవితంలోని సంకటమంతా ఈ ఒక్క ఉదంతంలో ఉన్నది. స్వేచ్ఛగా ఎన్నికైన సభ భిన్నమతస్థులను హింసిస్తుంది. వారిని కాపాడగలిగినది సైన్యం. సైన్యం నిలవాలంటే సభను అణచాలి, ప్రజలపై పన్నులు మోపాలి. అణచినకొద్దీ ప్రజలకు ఆ సైన్యంమీద, అది కాపాడే మతస్వేచ్ఛమీద ద్వేషం పెరుగుతుంది. ఈ చక్రంనుంచి బయటపడే దారి అతనికి దొరకలేదు.

కిరీట నిరాకరణ – మరణం

1657లో పార్లమెంటు కొత్త రాజ్యాంగాన్ని ప్రతిపాదించి క్రాంవెల్‌ను రాజు కమ్మని కోరింది. ఆ కోరికలో ముఖస్తుతికన్న వివేకం ఎక్కువ. రాజు అధికారానికి శతాబ్దాల చట్టం గీచిన హద్దులున్నాయి. సంరక్షకుని అధికారానికి అటువంటి హద్దులు లేవు. వారాల తరబడి ఆలోచించి మే 8న అతడు నిరాకరించాడు. పాత సహచరులైన సైన్యాధికారులు అంగీకరించకపోవడం ఒక కారణం. దైవం యుద్ధభూమిలో కూలద్రోసిన సింహాసనాన్ని తాను మళ్ళీ నిలబెట్టరాదన్న నమ్మకం మరొక కారణం. అయితే జూన్ 26న ఊదారంగు వస్త్రం ధరించి, రాజదండం పట్టి, రెండవసారి సంరక్షకునిగా ప్రమాణం చేశాడు. ఒక్క కిరీటం తప్ప అన్ని రాజలాంఛనాలూ ఆ రోజు ఉన్నాయి. 1658 ఫిబ్రవరిలో ఆ పార్లమెంటును కూడా రద్దుచేశాడు.

ఆగస్టులో ప్రియపుత్రిక ఎలిజబెత్ దీర్ఘవ్యాధితో మరణించింది. ఆ దుఃఖం అతనిని కుంగదీసింది. 1658 సెప్టెంబరు 3న, డన్‌బార్, వూస్టర్ విజయాల తేదీనాడే, క్రాంవెల్ కన్నుమూశాడు. కుమారుడు రిచర్డ్ వారసుడయ్యాడు. అతడు సౌమ్యుడు, కాని సైనికుడు కాడు. సైన్యం మాట వినకపోవడంతో ఎనిమిది నెలలకే పదవి వదులుకొన్నాడు. సేనానులు ఒకరితో ఒకరు కలహించుకొన్నారు. చివరకు స్కాట్లండునుంచి దళాలతో వచ్చిన జనరల్ మంక్ పాత సభ్యులను తిరిగి రప్పించి, ఎన్నికలకు దారితీశాడు. 1660 మే 29న రెండవ చార్లెస్ లండనులో ప్రవేశించినప్పుడు వీధులలో ప్రజలు సంబరాలు చేసుకొన్నారు. ఖడ్గం తెచ్చిన గణరాజ్యాన్ని మరొక ఖడ్గమే ముగించింది.

1661 జనవరి 30న, చార్లెస్ శిరచ్ఛేదం జరిగిన తేదీనే, క్రాంవెల్ కళేబరాన్ని సమాధినుంచి వెలికితీసి ఉరికొయ్యకు వేలాడదీశారు. తలను వెస్ట్‌మినిస్టర్ హాలుపై ఒక కర్రకు గుచ్చి నిలిపారు. అనేకుల చేతులు మారిన ఆ తల 1960లో అతడు చదివిన సిడ్నీ ససెక్స్ కళాశాల ఆవరణలో ఖననమైంది. 1899లో పార్లమెంటు భవనం వెలుపల అతని కంచు విగ్రహం వెలసింది. దానికి ప్రభుత్వ ధనం ఇవ్వరాదని ఐర్లండు సభ్యులు వ్యతిరేకించగా, మాజీ ప్రధాని రోజ్‌బరీ సొంత సొమ్ముతో నిర్మింపజేశాడు.

క్రాంవెల్ జీవితం చెప్పే పాఠం

క్రాంవెల్‌ను వంచకుడని కొందరు, మహావీరుడని కొందరు వ్రాశారు. రెండింటిలోనూ పూర్తి సత్యం లేదు. అతడు స్వార్థపరుడు కాడు. తనకు నిజమనిపించినదానికే కట్టుబడ్డాడు. ప్రతి విజయాన్నీ దైవం ఆమోదముద్రగా భావించడమే అతని బలం, అదే అతని లోపం. గెలిచినవానికి దైవం తోడున్నదని నమ్మిన తరువాత ఓడినవారి సమ్మతి అడగాలని తోచదు. సైన్యం ఎంత పవిత్రాశయంతో ఏర్పడినా, ఆశయం సిద్ధించిన తరువాత అది ఎవరి ఆజ్ఞకు లోబడి ఆయుధం దించాలో ముందే నిర్ణయం కాకపోతే, చివరికి ఆ ఆశయమే బలి అవుతుంది.

అతని వైఫల్యంనుంచి ఇంగ్లండు రెండు విషయాలు నేర్చుకొన్నది. 1689 నాటి హక్కుల చట్టంలో, శాంతికాలంలో పార్లమెంటు అంగీకారం లేకుండా స్థిరసైన్యం ఉండరాదని వ్రాసుకొన్నారు. అదే సంవత్సరం వచ్చిన మరొక చట్టం, చర్చికి వెలుపలి ప్రొటెస్టెంట్ శాఖలకు ఆరాధనా స్వేచ్ఛ ఇచ్చింది. క్రాంవెల్ కత్తితో కాపాడబోయి కాపాడలేనిదానిని పార్లమెంటు చట్టం కొంతవరకైనా నిలబెట్టింది.

1950లో అమలులోకి వచ్చిన మన రాజ్యాంగం 25వ అధికరణలో మనస్సాక్షి స్వేచ్ఛను ఏ ఒక్క మతానికో కాక అందరికీ ఇచ్చింది. రక్షణదళాల సర్వాధిపత్యాన్ని 53వ అధికరణలో రాష్ట్రపతికి అప్పగించి, దాని వినియోగం చట్టానికి లోబడి ఉండాలని నిర్దేశించింది. ఈ రెండు వాక్యాలను పరీక్షకోసం కంఠస్థం చేసే విద్యార్థి, ఇవి లేని దేశంలో నిజాయితీపరుడైన నాయకుడు సైతం ఏ స్థితికి చేరుకొన్నాడో తెలుసుకొని చదివితే, వాటి విలువ అతనికి బోధపడుతుంది.